మీరు ఏమీ చేయనక్కర్లేదు

(ఇంటి బీమా ఆటో రెన్యువల్ గురించి, అంటే గడువు ముగియగానే పాలసీ దానంతట అదే మరో ఏడాదికి కొనసాగడం గురించి చేసిన ప్రసంగం)

నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారికి వినిపిస్తోందా? సరే.

నా చేతిలో ఉన్నది ఒక పాత ఈమెయిల్. మీకు చూపించాలని అచ్చు తీసి తెచ్చాను. పైన కంపెనీ గుర్తు, కింద నా పేరు, పాలసీ నంబరు, ఆ కింద లావు అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం: "మీరు ఏమీ చేయనక్కర్లేదు." చదవగానే ప్రాణం కుదుటపడుతుంది. పొద్దున లేచింది మొదలు అందరూ మనల్ని ఏదో ఒకటి చేయమనేవారే. ఏమీ చేయొద్దన్న పుణ్యాత్ములు వీళ్లొక్కరే. వాళ్ల మాట కాదనలేక నేనూ ఏమీ చేయలేదు. ఆ ఉత్తరంలో రాసి ఉన్న ఇంటిని మాత్రం అప్పటికి ఏడు నెలల ముందే అమ్మేశాను.

నవ్వండి, పరవాలేదు. అసలు నవ్వాల్సింది ఇంకా ఉంది. ఆ రోజుల్లో నా ఉద్యోగం మరో బీమా కంపెనీ రెన్యువల్ విభాగంలో. సరిగ్గా ఇలాంటి ఉత్తరాలు పంపడమే నా పని. "మీరు ఏమీ చేయనక్కర్లేదు" అనే వాక్యాన్ని రోజుకు కొన్ని వందల మందికి పంపేదాన్ని. నాకు వస్తే గుర్తుపట్టలేకపోయాను.

అయిదు నెలలు గడిచాక బ్యాంకు లెక్కలు చూసుకుంటుంటే బయటపడింది. అంటే నిండు ఏడాది పాటు పరాయివాళ్ల ఇంటికి నేను బీమా కట్టాను. పోనీ, కనీసం ఆ బీమా చెల్లుతుందా అంటే అదీ లేదు. బీమాలో మొదటి సూత్రం, వస్తువు పోతే నష్టపోయేవాడికే పరిహారం. ఇల్లు అమ్మేశాక అది కాలిపోయినా, కూలిపోయినా నాకు నష్టం లేదు, కాబట్టి చిల్లిగవ్వ రాదు. కొన్నవారికి వస్తుందా? చాలా చోట్ల కంపెనీ ఒప్పుకుని పేరు మారిస్తే తప్ప వారికీ రాదు. నేను కట్టిన డబ్బుతో ఎవరికీ రక్షణ లేదు. విక్రయ పత్రం నకలు పంపి, నాలుగు ఉత్తరాలు రాసి డబ్బు వెనక్కి తెచ్చుకున్నాను. అది వేరే కథ. ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ నాలుగు ఉత్తరాలు రాయాల్సిన అవసరం రాకుండా ఏం చేయాలనేది.

ముందు ఒక గుర్రం సంగతి చెప్తాను. విషయం దారి తప్పడం లేదు, ఓపిక పట్టండి.

1862లో ఇంగ్లండ్‌లో ఒక తీర్పు వచ్చింది. న్యాయశాస్త్రం చదివినవారికి ఒప్పందాల పాఠంలో ఎదురయ్యే కేసే. ఫెల్త్‌హౌస్ అనే పెద్దమనిషి తన అన్న కొడుకు గుర్రాన్ని కొనాలనుకున్నాడు. తమ్ముడి కొడుకైనా కావచ్చు, ఇంగ్లీషులో ఆ తేడా తెలియదు కదా. ధర దగ్గర చిన్న పేచీ వచ్చింది. దాంతో ఆయన ఒక ఉత్తరం రాశాడు: 30 పౌండ్ల 15 షిల్లింగులు ఇస్తాను, నీ దగ్గరి నుంచి ఇంకే కబురూ రాకపోతే గుర్రం నాదే అనుకుంటాను. కుర్రవాడు జవాబు రాయలేదు. ఇచ్చేద్దామని మనసులో ఉంది. తన సరుకంతా వేలం వేస్తున్న బిండ్లీ అనే ఆయనతో ఆ గుర్రాన్ని పక్కన ఉంచమని కూడా చెప్పాడు. బిండ్లీ పొరపాటున దాన్నీ వేలంలో అమ్మేశాడు. నా గుర్రాన్ని అమ్మాడంటూ ఫెల్త్‌హౌస్ దావా వేసి ఓడిపోయాడు. 'జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే' అనే షరతును ఎదుటివారి మీద రుద్దే హక్కు నీకు లేదు పొమ్మంది కోర్టు.

మౌనం అర్ధాంగీకారం అని మనం అంటాం. ఆ కోర్టు అర్ధం కూడా ఒప్పుకోలేదు. మరి గుర్రం విషయంలో చెల్లనిది ఇంటి బీమాలో ఎలా చెల్లుతోంది? నేనూ చాలాకాలం ఇది మౌనం మీద నడిచే వ్యాపారమనే అనుకున్నాను. కాదు. మొదటి ఏడాది పాలసీ తీసుకున్న రోజు ఒక చిన్న గడిలో టిక్కు ఉంది. మనం పెట్టి ఉండొచ్చు, ముందే పెట్టి ఉంటే మనం తీయకుండా వదిలేసి ఉండొచ్చు. ఏటేటా గడువు ముగిసినప్పుడు కొనసాగించండి, డబ్బు నా ఖాతా నుంచి తీసుకోండి అని అందులో ఉంటుంది. కంపెనీ ప్రతి ఏటా మన మౌనాన్ని సమ్మతిగా లెక్కగట్టడం లేదు. ఎప్పుడో ఇచ్చిన సమ్మతిని ఏటేటా బయటికి తీసి వాడుకుంటోంది.

జాగ్రత్తగా చూస్తే అందులో సమ్మతులు రెండున్నాయి. పాలసీని కొనసాగించడానికి ఒకటి, డబ్బు తీసుకోవడానికి ఇంకొకటి. మొదటిది కంపెనీతో ఒప్పందం, రెండోది మన బ్యాంకు ద్వారా నడిచే ఏర్పాటు. నా బల్ల దగ్గరికి వచ్చిన గొడవల్లో సగానికి పైగా ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినవే. డబ్బు ఆపేస్తే పాలసీ దానంతట అదే పోతుందిలే అనుకుని బ్యాంకుకు చెప్పి ఊరుకుంటారు. రెండు నెలల తర్వాత బాకీ నోటీసు వస్తుంది. మాకు ఫోన్ చేసి, "నేను ఆపేశాను కదా?" అనేవారు. ఆపింది డబ్బు. పాలసీ నడుస్తూనే ఉంది.

నెలనెలా కట్టేవారికి ఇది ఇంకా ముళ్లదారి. చాలా దేశాల్లో నెలవారీ వాయిదా అంటే ఏడాది ప్రీమియాన్ని కంపెనీయో, దాని వెనక ఉన్న ఫైనాన్స్ సంస్థో మనకు అప్పుగా ఇచ్చినట్టు. మనం కట్టేది ఆ అప్పు వాయిదా. అది ఆగితే రుణ చరిత్రలో మచ్చ పడుతుంది. పైగా డబ్బు అందలేదని కంపెనీయే పాలసీని రద్దు చేస్తే, తర్వాత ఎక్కడ దరఖాస్తు పెట్టినా "గతంలో ఏ కంపెనీ అయినా మీ పాలసీని రద్దు చేసిందా?" అనే ప్రశ్న ఎదురుకావచ్చు. అవుననాలి. అన్నాక ప్రీమియం పెరుగుతుంది, ఒక్కోసారి అసలు పాలసీయే ఇవ్వరు. మనం రద్దు చేసుకోవడం వేరు, వాళ్లు రద్దు చేయడం వేరు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

ఇంకో నమ్మకం: కార్డు గడువు తీరిపోయింది కాబట్టి వాళ్లు తీసుకోలేరు. తీసుకోగలరు. కొత్త కార్డు వివరాలను పాత అనుమతి ఉన్న వ్యాపారులకు అందించే ఏర్పాటు పెద్ద కార్డు సంస్థల దగ్గర ఉంది. మన సౌకర్యం కోసమే పెట్టారు. మనకు సౌకర్యం కాని రోజున కూడా అది పనిచేస్తుంది.

ఇప్పుడు కంపెనీ తరఫున కూడా ఒక మాట చెప్పాలి, ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కనుక. ఆటో రెన్యువల్ పుట్టింది దొంగబుద్ధితో కాదు. మనిషి మరిచిపోతాడు. పాలసీ గడువు మంగళవారం అర్ధరాత్రి ముగిసి, బుధవారం వేకువన వంటింట్లో నిప్పు అంటుకుంటే ఆ ఒక్క రాత్రి మరుపు ఖరీదు ఇల్లు. అలాంటి ఫోన్ ఒకటి నేను ఎత్తాను. ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది. అందుకే, ఆటో రెన్యువల్ వద్దనుకున్నవారు మరిచిపోని ఏర్పాటు ఏదో ఒకటి ముందుగా చేసుకోవాలి. ఇంటి మీద అప్పు ఉన్నవారికి మరీ ముఖ్యం, ఎందుకంటే బీమా ఉండాలన్నది అప్పిచ్చినవారి షరతు. అమెరికాలో అయితే బీమా ఆగిపోయిందని తెలిస్తే అప్పు వసూలు చేసే సంస్థే ఇంటికి పాలసీ కొని ఆ ఖర్చు మన మీద వేస్తుంది. ఖర్చు రాసే ముందు కనీసం 45 రోజుల నోటీసు ఇవ్వాలన్నది అక్కడి నిబంధన. అలా కొన్న పాలసీ సాధారణంగా ఖరీదెక్కువ, రక్షణ తక్కువ. అక్కడ చాలామందికి ప్రీమియం అప్పు వాయిదాతో పాటు వేరే ఖాతాలో జమై అక్కడి నుంచి వెళ్తుంది. కాబట్టి కార్డు ఆపినా, బ్యాంకుకు చెప్పినా ప్రయోజనం ఉండదు. అప్పు చూసుకునే సంస్థకు కూడా తెలియజేయాలి.

అసలు ఎందుకు వదులుకోవాలనుకుంటాం? ఎక్కువమంది చెప్పే కారణం ధర. మొదటి ఏడాది 100 ఉన్న ప్రీమియం ఏటా పది శాతం పెరిగితే ఏడు పెంపులకు 195 అవుతుంది. ఒక్కో ఏడాది పెంపు చూస్తే పోట్లాడేంత ఉండదు, కిటుకంతా అందులోనే. కొత్తగా వచ్చినవారికి తక్కువ ధర చూపించడం, ఉండిపోయినవారికి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం. నమ్మకంగా ఉన్నందుకు జరిమానా అన్నమాట. బ్రిటన్‌లో దీని మీద 2018 సెప్టెంబరులో సిటిజన్స్ అడ్వైస్ అనే వినియోగదారుల సంస్థ పెద్ద ఫిర్యాదు దాఖలు చేసింది. అక్కడి నియంత్రణ సంస్థ లెక్క తీస్తే ఆ ఏడాది ఇంటి, వాహన బీమాల్లో 60 లక్షల మంది పాలసీదారులు ఎక్కువ ధర కడుతున్నట్టు తేలింది. తమ రిస్కుకు తగ్గ సగటు ధర కట్టి ఉంటే వాళ్లందరికీ కలిపి 120 కోట్ల పౌండ్లు మిగిలేవి. 2022 జనవరి 1 నుంచి అక్కడ పాత ఖాతాదారుకు రెన్యువల్ ధర, అదే ఇంటితో కొత్తగా వచ్చేవారికి చెప్పే ధరను మించకూడదు. ఆటో రెన్యువల్‌ను సులువుగా ఆపుకునే దారి చూపాలన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది. అంతకు ముందే, 2017 నుంచి, రెన్యువల్ ఉత్తరంలో పోయినేటి ప్రీమియం కూడా ముద్రించాలని ఆదేశించారు. ఎంత చిన్న విషయమో చూడండి! రెండు అంకెలు పక్కపక్కన పెట్టడం. అంతకు ముందు పెట్టేవారు కాదు.

అయితే పెరిగిన ప్రతి ప్రీమియం మోసం కాదు. ఇటుక, ఇనుము, కూలి పెరిగితే ఇంటిని మళ్లీ కట్టే ఖర్చు పెరుగుతుంది, దాన్నిబట్టి బీమా మొత్తాన్నీ పెంచుతారు. అందుకని ప్రీమియాన్ని మాత్రమే పోల్చి చౌకదానికి మారకండి. కొత్త కంపెనీ తక్కువ చెప్తోందంటే అది బీమా మొత్తం తగ్గించి చెప్తోందేమో చూడాలి. కట్టడానికి 100 అయ్యే ఇంటిని 60కి బీమా చేస్తే, చాలా పాలసీల్లో 20 నష్టం జరిగినప్పుడు ఇచ్చేది 12 మాత్రమే. మొత్తం కాలిపోలేదు కదా, 20 అంటే 60 లోపలే కదా అనుకుంటాం. వాళ్ల లెక్క అలా ఉండదు. నూటికి అరవైకే బీమా చేశాం కాబట్టి నష్టంలోనూ నూటికి అరవై వంతే ఇస్తారు.

ధర కన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది పాత వివరాలు. ఏటా తనంతట తానే సాగే పాలసీలో మనం ఎప్పుడో చెప్పిన జవాబులే ఉంటాయి. ఈలోగా పైన అంతస్తు వేశాం, ఒక వాటా అద్దెకిచ్చాం, ఇంటి నుంచే చిన్న వ్యాపారం పెట్టాం, లేదా ఇల్లు తాళం వేసి పిల్లల దగ్గరికి వెళ్లి నాలుగు నెలలున్నాం. వరుసగా 30 రోజులో 60 రోజులో ఇల్లు ఖాళీగా ఉంటే కొన్ని రక్షణలు ఆగిపోతాయని చాలా పాలసీల్లో ఉంటుంది. రెన్యువల్ ఉత్తరంతో పాటు వచ్చే వివరాల పత్రం ఉందే, అందరూ మడిచి పక్కన పెట్టేది, అందులో "ఇవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, మార్పులుంటే తెలపండి" అని రాసి ఉంటుంది. బ్రిటన్ 2012లో చేసిన చట్టం ప్రకారం ఆ అభ్యర్థనకు స్పందించకపోవడాన్ని తప్పుడు సమాచారం ఇవ్వడంగా పరిగణించే వీలుంది. చూశారా, మొదటి పేజీలో ఏమీ చేయనక్కర్లేదన్నారు. మూడో పేజీలో చేయాలన్నారు. క్లెయిమ్ వచ్చిన రోజున అందరూ తీసి చదివేది మూడో పేజీనే.

ఇక ఆపడం ఎలాగో చెప్తాను. వరుస ముఖ్యం, అందులో తడబడొద్దు.

ముందు తేదీలు. పాలసీ ముగిసే తేదీ ఒకటి, 'కొనసాగించవద్దు' అని చెప్పడానికి ఆఖరి తేదీ మరొకటి. రెండూ ఒకటే అనుకుంటే దెబ్బతింటాం. జర్మనీలో సాధారణంగా మూడు నెలల ముందే చెప్పాలి, ఒక్క రోజు దాటినా మరో ఏడాది కట్టుబడి ఉండాల్సిందే. రక్షణ పెంచకుండా ప్రీమియం మాత్రం పెంచితే, ఆ కబురు అందిన నెల లోపు తప్పుకునే హక్కు ఉంది. ఫ్రాన్స్‌లో 2005 నాటి చట్టం ఆ ఆఖరి తేదీని గుర్తు చేసే బాధ్యతను కంపెనీ మీద పెట్టింది. అక్కడే 2015 జనవరి నుంచి అమల్లో ఉన్న మరో చట్టం ప్రకారం ఇంటి బీమా మొదటి ఏడాది పూర్తయ్యాక ఎప్పుడైనా ఆపుకోవచ్చు, చెప్పిన నెలకు ముగుస్తుంది. మీ పాలసీ ఏ దేశపుదైతే ఆ దేశపు లెక్క చూసుకోండి. చాలా చోట్ల ఆ సమాచారం పాలసీ పత్రంలో 'రద్దు' అనే శీర్షిక కింద, సాధారణంగా చివర్లో ఉంటుంది.

తర్వాత కొత్త పాలసీ. పాతది ముగిసే తేదీ, గంట చూసుకుని అక్కడి నుంచే మొదలయ్యేలా తీసుకోవాలి. కొత్త పత్రం చేతికి వచ్చేదాకా పాతదాన్ని ముట్టుకోవద్దు. అలాగని రెండూ కలిసి నడిస్తే రెట్టింపు రక్షణ అనుకోకండి. నష్టం ఒక్కసారే జరుగుతుంది కాబట్టి పరిహారం కూడా ఒక్కసారే. రెండు కంపెనీలు దాన్ని పంచుకుంటాయి. పంచుకునే ముందు, ముందుగా మీరివ్వండంటే మీరివ్వండని అనుకుంటాయి, మధ్యలో నలిగేది మనం.

ఆ తర్వాత ఉత్తరం. ఇక్కడ ఒక్క మాట దగ్గర నిలబడతాను. చాలామంది "నా పాలసీని రద్దు చేయండి" అని రాస్తారు. మా విభాగంలో కొత్తగా చేరిన కుర్రవాడు అలాంటి ఉత్తరం చూసి, గడువుకు ఇంకా ఆరు వారాలుండగానే ఆ పాలసీని ఆ రోజే రద్దు చేశాడు. తప్పు అతనిది కాదు. ఉత్తరంలో అలాగే ఉంది. ఆరు వారాలు ఆ ఇంటికి బీమా లేదు, ఆ కుటుంబానికి ఆ సంగతే తెలియదు. అందుకని ఇలా రాయండి: "ఫలానా నంబరు గల నా పాలసీని ఫలానా తేదీన గడువు ముగిసేవరకు యథాతథంగా ఉంచి, ఆ తర్వాత కొనసాగించవద్దు. ఆ తేదీ తర్వాత నా ఖాతా నుంచి డబ్బు తీసుకునేందుకు గతంలో ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకుంటున్నాను. ఈ రెండింటినీ నమోదు చేసినట్టు రాతపూర్వకంగా తెలపండి." అంతే. కారణాలు రాయొద్దు. కారణం రాస్తే దానికి జవాబు చెప్పడానికి ఒకరు ఫోన్ చేస్తారు.

ఎలాగూ చేస్తారనుకోండి. ఆ ఫోన్ చేసినదాన్ని నేనే. "ఉంటానంటే తగ్గిస్తాం" అనే అధికారం మాకు కొంత ఉండేది. అంకె నచ్చితే ఉండిపోండి, అందులో నామోషీ ఏమీ లేదు. అప్పుడు కూడా ఆటో రెన్యువల్ టిక్కు తీయించుకునే ఉండండి. ఫోన్‌లో "సరేనండి, తీసేశాం" అంటే సరిపోదు, ఈమెయిల్ రావాలి. మాటకు సాక్ష్యం లేదని ఎవరినీ అనుమానించి చెప్పడం లేదు. ఆ మాట అన్న మనిషి వచ్చే ఏడాది ఆ కుర్చీలో ఉండరు.

ఆఖరున బ్యాంకు. కంపెనీ నుంచి ధ్రువీకరణ వచ్చాక బ్యాంకు దగ్గర ఉన్న ఏర్పాటును కూడా తీసేయండి. భారతదేశంలో 2021 అక్టోబరు నుంచి ఇలా కార్డు మీద తనంతట తానే వెళ్లే చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం రావాలి, అక్కడికక్కడే వద్దనవచ్చు. మంచి నిబంధన. కానీ మొదటి నుంచీ చెప్తున్నది గుర్తుంచుకోండి, అది రెండో సమ్మతిని మాత్రమే తెంచుతుంది.

ఇప్పటికే రెన్యువల్ అయిపోయిందా? బెంగపడకండి. పాలసీ పత్రం అందాక కొన్నాళ్ల పునరాలోచన గడువు చాలా చోట్ల ఉంది. బ్రిటన్‌లో 14 రోజులు, రెన్యువల్‌కూ వర్తిస్తుంది. గడిచిన రోజులకు కొంత పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు. ఆ గడువు దాటితే మిగిలిన నెలలకు దామాషాలో తిరిగిమ్మని అడగండి, రుసుము పట్టుకుంటే అది ఏ నిబంధన ప్రకారమో చూపించమనండి. ఆ ఏడాదిలో క్లెయిమ్ తీసుకుని ఉంటే మాత్రం సాధారణంగా ఏమీ తిరిగి రాదు. జవాబు సరిగ్గా లేకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగం, ఆ తర్వాతే అంబుడ్స్‌మన్, అంటే కంపెనీకి బయట ఉండి ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి. మొదటి మెట్టు ఎక్కకుండా రెండోది ఎక్కితే వెనక్కి పంపుతారు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మా నాన్నగారు పోయి మూడు నెలలైంది. ఇల్లు తాళం వేసి ఉంది. బీమా ఆయన పేరు మీద ఏటా అదే రెన్యువల్ అవుతోంది. ఈసారి కూడా అయిపోతుంది కదా, వదిలేయవచ్చా?)

వదిలేయకండి అమ్మా. మీ విషయంలో రెండు వైపుల నుంచీ ప్రమాదం ఉంది. నాన్నగారు పోయారని బ్యాంకుకు తెలియగానే ఖాతాను ఆపేస్తారు, ప్రీమియం వెళ్లదు, పాలసీ పోతుంది, మీకెవరూ చెప్పరు. వాళ్ల ఉత్తరాలన్నీ నాన్నగారి పేరు మీదే కదా వచ్చేవి. ఒకవేళ ఖాతా తెరిచే ఉండి డబ్బు వెళ్లినా, లేని మనిషి పేరు మీద, తాళం వేసి ఉన్న ఇంటికి కొత్త ఏడాది పాలసీ మొదలవుతుంది. క్లెయిమ్ రోజున రెండూ అడుగుతారు. కంపెనీకి ఇప్పుడే రాయండి. మరణ ధ్రువపత్రం పెట్టండి, ఇల్లు ఖాళీగా ఉందని దాచకుండా చెప్పండి. ఉన్న పాలసీని గడువు వరకు వారసుల కోసం కొనసాగిస్తారా, ఏ షరతుల మీద అని అడగండి. ఖాళీ ఇళ్లకు వేరే పాలసీలుంటాయి, అదీ కనుక్కోండి.

(అదే శ్రోత: ఉత్తరం నిన్ననే వచ్చింది. బ్యాగులోనే ఉంది.)

ఇలా ఇవ్వండి, చూద్దాం. కళ్లద్దాలు... ఆఁ. అవునవును, ఇక్కడ కూడా అదే వాక్యం, అదే లావు అక్షరాలు. వెనక్కి తిప్పితే... ఇదిగో, ఆఖరి తేదీ. ఇంకా పదకొండు రోజులుంది. కూర్చోండి, మిగతావాళ్ల ప్రశ్నలయ్యాక మనిద్దరం ఇక్కడే రాసేద్దాం. ఎవరి దగ్గరైనా తెల్లకాగితం ఉందా?